తొలితరం అరాజకవాదుల రచనలను తెలుగులోకి తెచ్చి భద్రపరచడం ఎలా: సమగ్ర మార్గదర్శి

క్రొపోట్కిన్, బకూనిన్, ప్రూధాన్, మలతెస్తా, ఎమ్మా గోల్డ్‌మన్. రాజ్యం, పాలకులు లేని సమాజం కావాలన్న ఈ అరాజకవాదులను (అనార్కిస్టులను) తెలుగు చేయాలనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి నాలుగే. మొదట ఏ రచన తీసుకోవాలి? ఫ్రెంచి, రష్యన్ రాకపోతే ఇంగ్లిషు నుంచి చేయవచ్చా? కాపీరైట్ గొడవ వస్తుందా? పూర్తయ్యాక ఎక్కడ పెడితే పదేళ్ల తర్వాత కూడా దొరుకుతుంది? పని జరిగే వరుసలోనే వీటికి జవాబులు రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ముందు అనువాదం ముగించి, భద్రపరచడం సంగతి తర్వాత చూసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని దెబ్బతిన్నాను. ఏళ్ల క్రితం చేసిన ఒక అనువాదాన్ని మళ్లీ తీస్తే, ఏ ఇంగ్లిషు ప్రతి నుంచి చేశానో నాకే గుర్తు లేదు. నా తెలుగులో ఉన్న ఒక పేరా చేతిలో ఉన్న మూలంలో కనబడలేదు. అది వేరే కూర్పులోదా, నా పొరపాటా అన్నది తేలక మొత్తం మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. మొదటి రోజే నాలుగు వాక్యాలు రాసి పెట్టుకుని ఉంటే ఆ శ్రమ తప్పేది. అందుకే ఈ మార్గదర్శిలో రెండు పనులూ కలిసే నడుస్తాయి.

## 1. మొదటిసారి చిన్న రచన తీసుకోండి

ఉత్సాహంలో అందరూ క్రొపోట్కిన్ 1892లో ఫ్రెంచిలో తెచ్చిన ‘లా కాంకెత్ దు పాన్’ (రొట్టెను గెలుచుకోవడం) మీద పడతారు. అందులో 17 అధ్యాయాలున్నాయి. నాలుగో అధ్యాయం దగ్గర పని ఆగిపోతుంది. ఆగిన అనువాదం ఎవరికీ ఉపయోగపడదు.

నా సలహా: ఆయనే 1880లో జెనీవా పత్రిక ‘లె రెవోల్తే’లో రాసిన యువతకు విజ్ఞప్తితో మొదలుపెట్టండి. చిన్న కరపత్రం. డాక్టరు కాబోయేవాడితో, లాయరుతో, ఇంజినీరుతో, బడిపంతులుతో, కళాకారుడితో ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడుతుంది. ఒక్కో భాగం ఒక్కో వారం పనిగా పెట్టుకోవచ్చు. పైగా చెవికి వినపడేలా రాసిన వచనం కాబట్టి, తెలుగు వాక్యం బిగుసుకుపోతే మీకే తెలిసిపోతుంది.

రెండో పనిగా మలతెస్తా 1884లో ఇటాలియన్‌లో రాసిన రైతుల సంభాషణ బాగుంటుంది. మొత్తం ప్రశ్న, జవాబు. జర్మన్ రచయిత మాక్స్ స్టిర్నర్‌ను మాత్రం మొదటి ఏడాది ముట్టుకోకండి. ఆయన మాటలతో ఆడుకునే పద్ధతి అనుభవం ఉన్నవాళ్లనే అలసటపెడుతుంది.

☐ రచన 50 పేజీల లోపు ఉందా?
☐ మూల భాషలో స్కాన్ ప్రతి దొరుకుతుందా?
☐ ఇప్పటికే తెలుగులో వచ్చిందేమో గ్రంథాలయాల్లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికారా? పేరు ఒకే రకంగా రాయరు కాబట్టి క్రోపాట్కిన్, క్రొపోత్కిన్ లాంటి రూపాలతోనూ వెతకండి.

## 2. ఏ కూర్పు నుంచి చేస్తున్నారో తేల్చుకోండి

మొత్తం పనిలో ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ఈ రచయితల్లో చాలామంది పత్రికలకు, కరపత్రాలకు రాశారు. జైల్లో ఉండగా మిత్రులు పుస్తకాలుగా కూర్చారు. క్రొపోట్కిన్ క్లేర్వో జైల్లో ఉన్నప్పుడు మిత్రుడు ఎలిజె రెక్లూ ఆయన వ్యాసాలను 1885లో ‘పరోల్ ద్యూన్ రెవోల్తే’ పేరుతో పుస్తకం చేశాడు. యువతకు విజ్ఞప్తి అందులోనూ ఉంది. అంటే ఒకే రచనకు పత్రిక పాఠం, కరపత్రం పాఠం, పుస్తకం పాఠం ఉన్నాయి.

బకూనిన్ విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. ‘దేవుడు, రాజ్యం’ అని మనకు తెలిసిన పుస్తకానికి ఆ పేరు ఆయన పెట్టలేదు. 1870-71లో రాసిన ఒక పెద్ద రచనలోని భాగం అది. ఆయన పోయిన ఆరేళ్లకు, 1882లో, ఇటాలియన్ అరాజకవాది కార్లో కఫియేరో, రెక్లూ కలిసి ఆ పేరుతో అచ్చువేశారు. వేసేటప్పుడు భాషను అక్కడక్కడ దిద్దారు. మరుసటి ఏడాదే అమెరికాలో బెంజమిన్ టక్కర్ దాన్ని ఇంగ్లిషు చేశాడు. చేతిరాత ప్రతికి దగ్గరగా ఉన్న పాఠం తర్వాత అరాజకవాద చరిత్రకారుడు మాక్స్ నెట్లావ్, బకూనిన్ సహచరుడు జేమ్స్ గియోమ్‌ల కృషితో వచ్చింది. టక్కర్ ఇంగ్లిషును తెలుగు చేస్తే, బకూనిన్ మీద సంపాదకుల చేయి, దాని మీద టక్కర్ చేయి, దాని మీద మీ చేయి పడుతుంది. అలా చేయకూడదని కాదు. చేసిన సంగతి పుస్తకంలో రాయాలి.

ఇంగ్లిషు మీదే ఆధారపడితే ఏం జరుగుతుందో స్టిర్నర్ పుస్తకం పేరు చూస్తే చాలు. 1844లో వచ్చిన ఆ జర్మన్ పుస్తకం పేరులో ‘ఐన్‌త్సిగె’ అనే మాట ఉంది. సాటిలేనివాడు, తనలాంటి మరొకడు లేనివాడు అని అర్థం. 1907లో బైయింగ్టన్ ఇంగ్లిషు అనువాదం వచ్చినప్పుడు ఆ చోట ‘ఈగో’ చేరింది. దాన్ని చూసి మనం ‘అహం’ అంటే, తెలుగులో అహం అంటే పొగరు కాబట్టి, పుస్తకం మొదటి మాట దగ్గరే వేరే దారి పడుతుంది.

చేయవలసిన వరుస ఇది:

మొదట, రచన ఏ భాషలో పుట్టిందో చూడండి. క్రొపోట్కిన్ రష్యనే అయినా 1902 నాటి పరస్పర సహాయం పుస్తకాన్ని ఇంగ్లిషులోనే రాశాడు. దానికి రష్యన్ మూలం కోసం వెతకనక్కర్లేదు.

రెండు, మూల భాష స్కాన్‌ను దింపుకోండి. ఫ్రెంచి జాతీయ గ్రంథాలయం వారి ఆన్‌లైన్ భాండాగారం గల్లికాలో ఆ కాలపు పుస్తకాలు, పత్రికలు చాలా ఉన్నాయి. చేతిరాతల దాకా వెళ్లాల్సి వస్తే ఆమ్‌స్టర్‌డామ్‌లోని అంతర్జాతీయ సామాజిక చరిత్ర సంస్థలో నెట్లావ్ సేకరణ, మిషిగన్ విశ్వవిద్యాలయంలోని లబడీ సేకరణ, స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో ఉన్న ‘సిరా’ (CIRA) అనే అరాజకవాద గ్రంథాలయం చూడాలి.

మూడు, వెబ్‌లో వాలంటీర్లు టైపు చేసి పెట్టిన పాఠాలను చదువుకోవడానికి వాడుకోండి. వాటినే మూలంగా పెట్టుకోవద్దు. పేరా ఎగిరిపోయినా, ఫుట్‌నోట్ వదిలేసినా మీకు తెలిసే దారి ఉండదు. స్కాన్‌తో పోల్చాకే ముందుకు వెళ్లండి.

నాలుగు, ఫ్రెంచి రాకపోతే సిగ్గుపడకండి. ఇంగ్లిషును ఆధారంగా తీసుకుని, ఫ్రెంచి ప్రతిని పక్కన తెరిచి పెట్టుకోండి. ముఖ్యమైన 30, 40 వాక్యాలను ఆ భాష వచ్చినవాళ్లతో సరిచూపించండి. యువతకు విజ్ఞప్తిని ఇంగ్లిషు చేసినవాడు హైండ్‌మన్. ఆయన అరాజకవాది కాదు, ఇంగ్లండులో సోషల్ డెమొక్రాట్ల నాయకుడు. అనువాదకుడి రాజకీయాలు మూలకర్తవి కానప్పుడు, కీలకమైన పదాల దగ్గర ఫ్రెంచి చూడటం తప్పనిసరి.

☐ మూల భాష, మొదటి ముద్రణ సంవత్సరం, అచ్చు వేసిన ఊరు రాశారా?
☐ మీరు వాడిన ప్రతి స్కాన్ మీ దగ్గర ఫైలుగా ఉందా? లింకు ఉంటే సరిపోదు, లింకులు పోతాయి.
☐ “ఫలానా ఇంగ్లిషు కూర్పు నుంచి, ఫ్రెంచితో పోల్చి” అనే వాక్యం అట్ట లోపలి పేజీకి సిద్ధంగా ఉందా?

## 3. హక్కుల లెక్క వేయండి

భారతదేశంలో రచయిత పోయిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ప్రూధాన్ (1865), బకూనిన్ (1876), క్రొపోట్కిన్ (1921), మలతెస్తా (1932), గోల్డ్‌మన్ (1940) బతికుండగా అచ్చయిన రచనలకు ఇక్కడ ఇబ్బంది లేదు. మద్రాసులో పుట్టి, యూరప్ పత్రికలకు రాసి, 1954లో బొంబాయిలో పోయిన అరాజకవాది ఎం.పి.టి. ఆచార్య రచనలకు కూడా 2014తో గడువు తీరింది. మన దగ్గరివాడైన ఆచార్యను తెలుగు చేయడానికి ఎవరైనా పూనుకుంటే నాకు చాలా సంతోషం.

మూడు చోట్ల పొరపాటు జరుగుతుంది.

అనువాదకుడి హక్కు వేరు. స్టిర్నర్ హక్కులు ఎప్పుడో తీరాయి కానీ 1957లో పోయిన బైయింగ్టన్ అనువాదానికి ఇక్కడ 2017 చివరి దాకా ఉన్నాయి. ఈ మధ్య వచ్చిన కొత్త అనువాదం నుంచి చేస్తే అనుమతి తీసుకోవాలి.

రచయిత పోయాక తొలిసారి అచ్చయిన ఉత్తరాలు, చేతిరాతల లెక్క ప్రచురణ తేదీ నుంచి మొదలవుతుంది. సంపాదకుడి ముందుమాట, నోట్సుల మీద ఆయనకే హక్కు.

అమెరికా సర్వర్లలో పెట్టేటప్పుడు అక్కడి లెక్క కూడా చూడాలి. పాత ప్రచురణలకు అక్కడ 95 ఏళ్ల గడువు ఉంది. వికీమీడియా కామన్స్‌లో ఫైలు పెట్టాలంటే మూల దేశంలోనూ, అమెరికాలోనూ హక్కులు తీరి ఉండాలి.

ఇక మీ తెలుగు అనువాదం మీద హక్కు మీది. ఇతరులు అచ్చు వేసుకోవచ్చా, మార్చవచ్చా అన్నది క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో (ఏ షరతుల మీద వాడుకోవచ్చో ముందే చెప్పే ప్రామాణిక అనుమతి) స్పష్టంగా చెప్పండి. ఏమీ రాయకపోతే ఎవరూ వాడుకోలేరు.

## 4. ఫోల్డరు, ఫైళ్ల పేర్లు

ఒక్కో రచనకు ఒక్కో ఫోల్డరు. లోపల ఐదు: మూలం, పదపట్టిక, చిత్తుప్రతి, తుదిప్రతి, వివరాలు.

ఫైలు పేరులో సంవత్సరం, రచయిత, రచన, భాష, కూర్పు సంఖ్య ఒకే వరుసలో ఉండాలి. ‘1880-క్రొపోట్కిన్-యువతకు-తెలుగు-03’ అన్న పద్ధతిలో. కొన్ని కంప్యూటర్లలో తెలుగు పేర్లు చెడిపోతాయి కాబట్టి ఫైలు పేరు వరకు రోమన్ అక్షరాల్లో పెట్టుకోండి. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘అసలు ఫైనల్’ అనే పేర్లు వద్దు.

టైపింగ్ యూనికోడ్‌లోనే చేయండి. డీటీపీ సెంటర్లలో ఇంకా నడిచే అను ఫాంట్ల ఫైలు కళ్లకు తెలుగులా కనబడుతుంది కానీ కంప్యూటర్‌కు అది తెలుగు కాదు. వెతికితే ఒక్క మాటా దొరకదు. ప్రెస్సుకు అను కావాలంటే చివర్లో మార్చి ఇవ్వండి, దాచేది మాత్రం యూనికోడ్ ప్రతి.

## 5. పదపట్టిక తయారు చేయండి

అనువాదం మొదలుపెట్టకముందే కనీసం 40 పదాల పట్టిక ఉండాలి. నాలుగు వరుసలు: మూల పదం, తెలుగు పదం, వదిలేసిన పదాలు, ఎందుకు. ఆ నాలుగో వరుస అసలైనది. తర్వాత వచ్చే అనువాదకుడు మీతో ఏకీభవించకపోయినా మీ కారణం ఆయనకు తెలుస్తుంది.

నేను ఎక్కువగా ఆగిన పదాలు ఇవి.

అరాజకవాదం. గ్రీకులో ‘అనార్కోస్’ అంటే ఏలికలేని. సంస్కృత ‘అరాజక’ దానికి దాదాపు కవలపిల్ల. కానీ ఆ మాట మన దగ్గర భయంతోనే పుట్టింది. దశరథుడు పోయాక అయోధ్యకాండలో “నారాజకే జనపదే” అంటూ రాజు లేని దేశంలో ఏమేం జరగవో శ్లోకం వెంట శ్లోకంగా వస్తుంది. ఇక ‘అరాచకం’ అంటే పేపర్లలో దౌర్జన్యమే. బ్రిటిష్ వాళ్లు 1919లో తెచ్చిన రౌలట్ చట్టం అసలు పేరులోనే ‘అనార్కికల్’ ఉంది. ఇన్ని పొరలున్నాయి కాబట్టి నేను సిద్ధాంతానికి ‘అరాజకవాదం’, గందరగోళం అనే అర్థంలో వచ్చినచోట ‘అరాచకం’ వాడతాను. ఈ రచయితలు రెండు అర్థాలతోనూ ఆడుకుంటారు, ఆ తేడా తెలుగులో ఒక్క అక్షరంతో చూపించగలగడం మన అదృష్టం. ముందుమాటలో ఒకసారి చెప్పేస్తే పాఠకుడు పట్టుకుంటాడు.

రాజ్యం. ‘స్టేట్’కు ‘రాష్ట్రం’ పెడితే ఆంధ్ర, తెలంగాణ గుర్తొస్తాయి. ‘ప్రభుత్వం’ అంటే ఐదేళ్లకు మారేది. రాజ్యహింస అనే మాట మనకు అలవాటే కాబట్టి ‘రాజ్యం’ సరిపోతుంది. మూలంలో ‘గవర్నమెంట్’ వచ్చినచోట మాత్రమే ప్రభుత్వం.

ఆస్తి, అనుభవం. 1840లో ప్రూధాన్ ఆస్తిని దొంగతనం అన్నాడు. కానీ ఆయన దాడి చేసింది ఆస్తి హక్కు మీద, మనిషి దున్నుకునే, ఉండే, వాడుకునే దాని మీద కాదు. ఆ రెండోదానికి ఫ్రెంచిలో ‘పొసెస్యోఁ’ అంటాడు. ఈ తేడాను మన రైతుకు విడమరచి చెప్పనక్కర్లేదు. పహాణీలో పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, అనుభవదారు పేరు ఇంకో కాలమ్‌లో చూసినవాళ్లే అందరూ. అందుకే ఆస్తి, అనుభవం అని పెట్టుకున్నాను. ‘వ్యక్తిగత ఆస్తి’ అని మాత్రం రాయకండి, తొడుక్కున్న చొక్కాను కూడా దొంగసొత్తు అన్నట్టవుతుంది.

స్వాధీనం చేసుకోవడం. ‘ఎక్స్‌ప్రాప్రియేషన్’ గురించి. దీన్ని ‘భూసేకరణ’ అంటే అర్థం తలకిందులవుతుంది, ఎందుకంటే భూసేకరణ చేసేది ప్రభుత్వం. క్రొపోట్కిన్ చెప్పేది జనం నేరుగా తీసుకోవడం. ఈ మాట ఇక్కడ వాడుకున్నాం కాబట్టి పైన ప్రూధాన్ దగ్గర ‘స్వాధీనం’ వాడకూడదు. పదపట్టిక లేకపోతే ఇలాంటి ఢీకొట్టడాలు పుస్తకం అచ్చయ్యాక బయటపడతాయి.

అధికారం. ఇది నన్ను వారం రోజులు పట్టుకుంది. బకూనిన్ అధికారాన్ని తిరస్కరిస్తూనే, అన్ని రకాల అధికారాన్నీ కాదంటున్నానా అని తనే ప్రశ్న వేసుకుంటాడు. బూట్ల సంగతి వస్తే బూట్లు కుట్టేవాడి అధికారాన్ని, ఇళ్లు, కాలువల సంగతి వస్తే ఇంజినీరు అధికారాన్ని ఒప్పుకుంటానంటాడు. వాదమంతా ఒకే పదానికున్న రెండు అర్థాల మీద నిలబడింది. మొదట పెత్తనం ఒకచోట, ప్రమాణం ఒకచోట పెట్టాను. వాదం కూలిపోయింది. తర్వాత మన వాడుక గుర్తొచ్చింది: “సంగీతంలో ఆయనకు మంచి అధికారం ఉంది” అంటాం కదా. తెలుగు ‘అధికారం’లో పెత్తనమూ ఉంది, పాండిత్యమూ ఉంది. రెండు చోట్లా అదే మాట ఉంచేశాను. అక్కడ కులం పేరుతో వృత్తిని చెప్పకండి. ‘బూట్లు కుట్టేవాడు’ అంటే చాలు. యూరప్ వాక్యంలోకి మన కుల నిచ్చెనను తెచ్చి పెట్టడం తప్పు.

పరస్పర సహాయం. ‘సహకారం’ అంటే సహకార సంఘం, దాని అప్పు, దాని సెక్రటరీ కళ్ల ముందుకొస్తారు. క్రొపోట్కిన్ పుస్తకం చీమలతో, పక్షులతో మొదలవుతుంది. ‘పరస్పర సహాయం’ మనుషులకూ జంతువులకూ సరిపోతుంది. చేబదులు ఇచ్చుకోవడం, ఒకరి పొలంలో ఒకరు బదులు పనికి వెళ్లడం లాంటివి ముందుమాటలో పోలికగా చెప్పండి, పాఠంలోకి దూర్చకండి.

సమష్టివాదం. క్రొపోట్కిన్ రాతల్లో ఇది కమ్యూనిజానికి మారుపేరు కాదు. పని చేసిన గంటలను బట్టి చెల్లింపు ఉండాలన్నవాళ్ల మార్గం. ఆయన దాన్ని విమర్శిస్తాడు. రెండింటికీ ఒకే మాట వాడితే ఆయన తనను తాను తిట్టుకున్నట్టవుతుంది.

ప్రత్యక్ష చర్య. మన చరిత్రలో ఈ మాటకు 1946లో ముస్లిం లీగ్ ‘ప్రత్యక్ష చర్య దినం’ నాటి కలకత్తా నెత్తురు అంటింది. అమెరికా అరాజకవాది వోల్టరీన్ డి క్లేర్ లాంటివాళ్లు చెప్పే అర్థం, మధ్యవర్తి లేకుండా జనం తామే పూనుకోవడం. మొదటిసారి వచ్చినచోట ఒక నోట్ పెట్టండి.

స్వేచ్ఛావాది. 1857లో అరాజకవాది జోసెఫ్ దెజాక్ ఈ అర్థంలో ఫ్రెంచిలో ‘లిబెర్తేర్’ అన్నాడు. ఇప్పటి అమెరికా లిబర్టేరియన్లతో కలపకండి.

రొట్టె గురించి కూడా చెప్పాలి. క్రొపోట్కిన్ పుస్తకం పేరులోని ‘పాన్’ అంటే రొట్టె, ఫ్రెంచివాడికి అదే అన్నం. పేరులో ‘కూడు’ లేదా ‘అన్నం’ అనడమే న్యాయమని నా అభిప్రాయం. లోపల పారిస్ బేకరీల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం రొట్టె రొట్టెగానే ఉండాలి.

## 6. మొదటి ప్రతి రాయండి

మూలంలో ప్రతి పేరాకు ఒక సంఖ్య ఇవ్వండి. తెలుగు పేరాకూ అదే సంఖ్య. తుదిప్రతిలో అంకెలు తీసేయవచ్చు కానీ భద్రపరిచే ప్రతిలో ఉంచండి. పేరా ఎగిరిపోతే ఇదొక్కటే పట్టిస్తుంది.

రోజుకు 400, 500 మాటలు చాలు. సందేహం వచ్చినచోట రెండు ప్రశ్నార్థకాలు పెట్టి ముందుకెళ్లండి.

సంబోధన ముందే తేల్చుకోండి. ఇంగ్లిషు ‘యూ’లో నువ్వు, మీరు, మీరంతా కలిసిపోయాయి. ఫ్రెంచిలో ‘తు’ (నువ్వు)నా, ‘వు’ (మీరు)నా అన్నది చూస్తే కొంత తెలుస్తుంది. చదువు ముగించుకుని జీవితంలోకి అడుగుపెడుతున్న కుర్రాళ్లతో క్రొపోట్కిన్ మాట్లాడతాడు. గౌరవం, చనువు రెండూ ఉన్న ‘మీరు’ నాకు సరిపోయింది. మలతెస్తా సంభాషణలో ఇద్దరి వయసు, పరిచయం చూసి నిర్ణయించాలి. ఒకసారి నిర్ణయించాక చివరిదాకా మారకూడదు.

వాక్యం కింద ఇంగ్లిషు దాక్కుందో లేదో రెండు గుర్తులతో తెలుస్తుంది. ఒకటి ‘ఏదైతే, అది’: “ఏ సమాజమైతే తన పిల్లలకు తిండి పెట్టలేదో ఆ సమాజం” అని రాశారా? “పిల్లలకు తిండి పెట్టలేని సమాజం” అనండి. రెండోది ‘బడు’: “జమీందారు చేత వెళ్లగొట్టబడిన రైతు” కాదు, “జమీందారు వెళ్లగొట్టిన రైతు”.

యంత్రానువాదాన్ని ఫ్రెంచి వాక్యం అర్థం సరిచూసుకోవడానికి వాడుకోండి. మొదటి ప్రతి దానితో రాయించకండి. పైన చెప్పిన పదాల తేడాలు దానికి పట్టవు, ఒకసారి దాని వాక్యానికి అలవాటు పడ్డాక మీకూ పట్టవు.

నచ్చని వాక్యాలను దాచవద్దు. ప్రూధాన్ ఆడవాళ్ల గురించి రాసినవి, ప్రూధాన్, బకూనిన్‌లు యూదుల గురించి రాసినవి చదివితే బాధ కలుగుతుంది. ఉన్నది ఉన్నట్టు తెలుగు చేసి, కింద మీ అభ్యంతరం నోట్‌గా రాయండి. పరస్పర సహాయం పుస్తకంలో అధ్యాయాల పేర్లలోనే ‘అనాగరికులు’ లాంటి మాటలున్నాయి, వాటికీ ఇదే పద్ధతి.

## 7. ఫుట్‌నోట్లు, కొలతలు, పేర్లు

మూలకర్త నోట్లు, మొదటి అనువాదకుడి నోట్లు, మీ నోట్లు మూడూ వేరుగా కనబడాలి. మీ నోట్ చివర ‘తె.అ.’ అని పెట్టుకుంటే చాలు.

హెక్టార్లు, ఫ్రాంకులు పాఠంలో అలాగే ఉంచండి. నోట్‌లో హెక్టారు సుమారు 2.47 ఎకరాలని చెప్పండి. ఎకరాకు ఆంధ్రలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు అన్నది మీ పాఠకులు వేసుకోగలరు. ఫ్రాంకులను ఇప్పటి రూపాయల్లోకి మార్చకండి, ఆ లెక్క అర్థం ఇవ్వదు.

పేర్లకు ఒక్క రూపమే వాడండి, మిగతా రూపాలను వివరాల పత్రంలో చేర్చండి. వెతికేవాళ్లు దేనితో వస్తారో తెలియదు.

## 8. సరిచూడటం

☐ రెండు వారాలు పక్కన పెట్టి, మూలం చూడకుండా తెలుగు ఒక్కటే చదివారా?
☐ బయటికి చదివి ఎవరికైనా వినిపించారా? వాళ్లు “మళ్లీ చెప్పు” అన్న వాక్యాలకు గుర్తు పెట్టారా?
☐ రెండో మనిషి మూలాన్ని, తెలుగును పేరా వారీగా పోల్చారా?
☐ పదపట్టికలోని ప్రతి పదాన్నీ ఫైలులో వెతికి, అన్నిచోట్లా ఒకేలా ఉందని చూశారా?

ఆ రెండో మనిషికి సిద్ధాంతం నచ్చాల్సిన పని లేదు. నచ్చని మనిషైతే ఇంకా మంచిది, మీరు మీసం మెలేసిన వాక్యాలు ఇట్టే పట్టుకుంటారు.

## 9. స్కానింగ్, ఓసీఆర్

పాత కరపత్రమో, తెలుగు పత్రికో చేతికొస్తే ముందు చేతులు కడుక్కుని ఆరబెట్టుకోండి. 19వ శతాబ్దం చివరి నుంచి వచ్చిన చౌక కాగితంలో ఆమ్లం ఉంటుంది, మడిస్తే విరుగుతుంది. సెల్లోటేపు వేయకండి. పెన్ను వద్దు, పెన్సిలే. కుట్టు విరిగేలా బల్లపరుపుగా నొక్కకండి.

మామూలు అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), చిన్న అక్షరాలకు 400 నుంచి 600. టిఫ్ ఫైలు దాచడానికి, దాని నుంచి తీసిన పీడీఎఫ్ పంచడానికి. ఫోన్‌తో తీయక తప్పకపోతే పై నుంచి నిలువుగా, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి.

తెలుగు ఓసీఆర్‌కు (బొమ్మలోని అక్షరాలను టైపు పాఠంగా మార్చడానికి) గూగుల్ డ్రైవ్, టెసరాక్ట్ రెండూ పనికొస్తాయి. ద, ధ, థలు, ప, వలు తారుమారవుతుంటాయి. అరసున్న, బండి ఱ ఉన్న పాత అచ్చులో ఇంకా ఎక్కువ. 1918కి ముందు రష్యన్‌లో తర్వాత తీసేసిన అక్షరాలున్నాయి, పాత జర్మన్ అచ్చులో పొడుగు ‘ఎస్’ను యంత్రం ‘ఎఫ్’గా చదువుతుంది. ఎలా చూసినా ఒకసారి మనిషి కన్ను పడాల్సిందే. తెలుగు వికీసోర్స్‌లో పేజీ బొమ్మ పక్కనే పాఠం ఉంటుంది, ఒకరు దిద్దితే మరొకరు ఆమోదిస్తారు. హక్కులు తీరిన పాత తెలుగు ముద్రణలకు నాకు తెలిసినంతలో అంతకన్నా మంచి చోటు లేదు.

## 10. వివరాల పత్రం

ప్రతి రచనకు ఒక పేజీ మామూలు టెక్స్ట్ ఫైలు. డబ్లిన్ కోర్ అనే గ్రంథాలయ పద్ధతిలో 15 అంశాలుంటాయి, వాటిని ఆధారం చేసుకోండి. కనీసం ఇవి ఉండాలి:

☐ మూల శీర్షిక, మూల భాష, మొదటి ప్రచురణ
☐ ఆధారం చేసుకున్న కూర్పు, దాని అనువాదకుడు, సంవత్సరం
☐ తెలుగు శీర్షిక, అనువాదకుడు, సరిచూసినవారు
☐ కూర్పు సంఖ్య, తేదీ
☐ వదిలేసిన భాగాలుంటే ఏవి, ఎందుకు
☐ మూలం హక్కుల స్థితి, తెలుగు లైసెన్సు
☐ రచయిత పేరుకున్న ఇతర రూపాలు

సంక్షిప్తం చేసి ఉంటే ‘సంక్షిప్త అనువాదం’ అని శీర్షిక కిందే వేయండి.

## 11. నిల్వ

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. హైదరాబాద్‌లో మీ ఇంట్లో హార్డ్ డిస్క్, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒకటి, విశాఖలోనో డాలస్‌లోనో ఉన్న స్నేహితుడి దగ్గర ఇంకొకటి అనుకోండి. వాట్సాప్ గ్రూపులో పంచడం నిల్వ కాదు.

తుదిప్రతి సిద్ధమైన రోజున ప్రతి ఫైలుకూ షా-256 సంఖ్య (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటిది) తీసి వివరాల ఫోల్డరులో పెట్టండి. ఏడాదికోసారి మళ్లీ తీసి పోల్చండి. సంఖ్య మారితే ఫైలు చెడినట్టు లేదా ఎవరో మార్చినట్టు, అప్పుడు ఇంకో ప్రతి నుంచి తెచ్చుకోవచ్చు.

అచ్చు ప్రతి కూడా ఉండాలి. పది కాపీలైనా వేసి, జిల్లా గ్రంథాలయానికి, విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వండి.

## 12. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

సగంలో పదం మార్చాలనిపించింది. మార్చవచ్చు. కానీ ముందు పదపట్టికలో మార్చి, తేదీ వేసి, తర్వాత పాఠమంతా మార్చండి. ‘అన్నీ మార్చు’ బటన్ నొక్కవద్దు. విభక్తులు, సంధులు చెడతాయి. ఒక్కొక్కటీ చూసి మార్చండి.

వెతికితే మాట దొరకడం లేదు. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్య కనిపించని విడదీత గుర్తు ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే ఇలా అవుతుంది. చివర్లో ఒకే పద్ధతికి తెచ్చుకోండి.

అను నుంచి మార్చాక ఒత్తులు పోయాయి. పరికరాన్ని నమ్మి వదిలేయకుండా పాత ప్రింటు పక్కన పెట్టుకుని పూర్తిగా చదవండి. అడ్డదారి లేదు.

ఇద్దరు కలిసి చేశాం, రెండు గొంతులు వినపడుతున్నాయి. పదపట్టిక ఒకటే అయినా వాక్యం నడక వేరు. మొత్తాన్ని ఒక్కరే చివరిసారి తిరగరాయాలి, ఎవరన్నది మొదట్లోనే అనుకోండి.

మంచి కూర్పు అనువాదం అయ్యాక దొరికింది. టెన్షన్ పడకండి. పేరాలకు సంఖ్యలు ఇచ్చారు కాబట్టి తేడా ఉన్న పేరాలు మాత్రమే తీసి దిద్దవచ్చు. మొదటి కూర్పు 1.0 అయితే ఇది 1.1. పాతదాన్ని చెరిపేయకండి, ఇప్పటికే ఎవరైనా దాని నుంచి ఉటంకించి ఉండవచ్చు. సవరణల చిట్టాలో తేదీ, పేరా సంఖ్య, పాత మాట, కొత్త మాట రాయండి. తప్పు చూపించిన పాఠకుడు ఒప్పుకుంటే ఆయన పేరు కూడా ఆ వరుసలోనే చేర్చండి.